ముసలి పెట్టెకి కొత్త బుర్ర

మా బావమరిది ప్రొఫెసర్ నాకు చేసిన అన్యాయం పగవాడు కూడా చెయ్యడు. వాడు నిజంగా ప్రొఫెసరేం కాదు, ఎగతాళికి నేను పెట్టిన పేరది. నేను ఏడో తరగతిలో బడి మానేసి స్క్రూడ్రైవర్ పట్టినవాణ్ణి. కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. వాడొచ్చి అందులో ఓ మూల కూర్చుని, కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపే మూల ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాశాడు. కెర్నల్ అంటారట.

రాస్తే రాశాడు. దాన్ని నా షాపులోని ముసలి పెట్టెలోనే నడపాలని పంతం. అందుకోసం ప్రాసెసర్ కార్డొకటి తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ముక్క. పెట్టెలో గుచ్చితే పాత బుర్ర తప్పుకుంటుంది, కొత్త బుర్ర పని అందుకుంటుంది.

"కార్డు లేకపోతే ఆ పెట్టెలో నా కెర్నల్ కన్ను కూడా తెరవదు బావా," అన్నాడు.

కార్డు పెట్టినా ఆరుసార్లు బొక్కబోర్లా పడింది. కానీ పడ్డప్పుడల్లా ఒక అడుగు ముందుకెళ్లి పడుతోంది. ఆరోసారి తెర మీద 'నమస్తే' అని మరీ చచ్చింది. దాంతో వాడికి కొమ్ములు మొలిచాయి.

"పందెం బావా! ఈసారి లేస్తే ముందు గది నాది. లేవకపోతే మూటాముల్లె సర్దుకుని పోతా."

ముందు గదంటే రోడ్డు వైపుది. గిరాకీ అంతా అక్కడే. అయినా వాడి పీడ వదులుతుందంటే ఎవడు కాదంటాడు? మా ఆవిడ తీర్పరి.

పెట్టెల మూత నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అది షాపు రూలు. విప్పాను. దుమ్ము ఊదాను. నాలుగు స్క్రూలూ బిగించాను.

"కార్డు గట్టిగా కూర్చుందా బావా?"

"ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట!"

వాడు మీట నొక్కాడు. ఫ్యాను గుర్రుమంది. తెర నల్లగా ఉంది. వాడు గోళ్లు కొరుకుతున్నాడు. నేను మనసులో వాడి సామానంతా బండెక్కించేశాను.

టింగ్!

అక్షరాలు బిలబిలమంటూ దిగాయి. 'నమస్తే అక్కా. నమస్తే బావా. ఏం చెయ్యమంటారు?'

"లేచింది! అక్కా, లేచిందే!"

వాడు కుర్చీ ఎక్కి గంతులేశాడు. కుర్చీ విరిగింది. కిందపడి కూడా గంతులాపలేదు. లేపబోయిన మా ఆవిడ వాడి చేతులు పట్టుకుని తనూ గిర్రున తిరిగింది. వాడు నన్ను వాటేసుకోబోతే, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని వెనక్కి జరిగాను. ఎక్కడ్నుంచి తన్నుకొచ్చిందో నవ్వు, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను.

"ఓడిపోయి ఆ నవ్వేంటండీ?" అంది మా ఆవిడ.

"అంతా ఆ కార్డు మహిమ బావా!" అన్నాడు వాడు.

గంటలో వాడి బల్ల ముందు గదికి చేరింది.

మూత బిగించే ముందు పీకి దాచిన కార్డు నా చొక్కా జేబులో భద్రంగానే ఉంది, పోయింది మాత్రం పన్నెండడుగులకి పదడుగుల ముందు గది.