తలకిందుల పువ్వు

"నా పేరు కొట్టేయమని చెప్పి వచ్చేస్తాను," అన్నాడు మేస్త్రి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఆ మాట ఫోన్లో చెప్పినా కొట్టేస్తారు. దానికోసం అంత దూరం ఎందుకు?" అంది భార్య.

పాత మసీదుకు మరమ్మతులు చేసినవాళ్ల పేర్లన్నీ రాతిపలక మీద చెక్కిస్తున్నారు. వచ్చి, పేరు సరిచూసుకుని సంతకం పెట్టమని ఉత్తరం వచ్చింది. ఇంకొకరైతే వీధి వీధంతా చెప్పుకునేవారు. ఈయనకు మాత్రం వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

ఆరువందల ఏళ్ల కట్టడం అది. ముందు ప్రార్థన మందిరం లేచింది. తర్వాత దాన్ని ఆనుకుని చదువుకునే పిల్లల గదులు, చివరికి వాటిని కట్టించిన రాజుగారి సమాధి. మందిరంలో మక్కా దిక్కు చూపే గూడు చుట్టూ నీలం పింగాణీ పలకలు, పలకకో పువ్వు. అన్నీ పైకి చూస్తుంటే, ఎడమవైపు ఎత్తున ఒక్కటి మాత్రం తలకిందులుగా ఉండేది.

ముప్పై ఏళ్ల కిందట మొగుడూ పెళ్ళాలిద్దరికీ అక్కడే పని. ఊడిపోతున్న పలకలు తీసి, శుభ్రం చేసి, ఏది ఎలా ఉందో అలాగే మళ్ళీ అతకాలి. వంకరైనా సరే, అలాగే. అదీ నియమం. మేస్త్రి ఆ తలకిందుల పువ్వును చూశాడు. ఎవడో పాతకాలపు బద్ధకస్తుడి నిర్వాకం అనుకున్నాడు. ఎవరూ చూడకుండా నిటారుగా పెట్టి అతికేశాడు. ఇంటికొచ్చి భార్య దగ్గర గొప్పలు కూడా పోయాడు.

పని ముగిసి పరంజా విప్పేశాక, ముసలి ఇమాం మాటల్లో చెప్పాడు. ఆ పువ్వును తొలి పనివాడు కావాలనే తిప్పాడట. లోపం లేని పని దేవుడొక్కడిదేనని. మేస్త్రికి తలెత్తి ఆ గోడ వైపు చూసే ధైర్యం లేకపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అంతకుముందు ఆయన నోరు ఊరుకునేది కాదు. గడియారం వంకర, దుప్పటి మడత వంకర, రొట్టె గుండ్రంగా లేదు. ఆ తర్వాత ఎవరి పనికీ వంక పెట్టలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా తలొంచుకుని తినేవాడు. పక్కింటి ఆడవాళ్లు ఆయన్ని చూపించి తమ మొగుళ్లను సాధించేవాళ్లు.

బస్సులో దారి పొడుగునా భార్య నచ్చజెబుతూనే ఉంది. ఇమాం పోయి ఎన్నేళ్లో అయిందంది. పేరు లేకపోతే మనవలకు ఏం చూపించాలంది. ఆయన వినలేదు.

సింహద్వారం వీధి వైపు, మందిరం మక్కా వైపు. రెండింటికీ పొంతన కుదరక మధ్య నడవ ఏటవాలుగా తిరుగుతుంది. ఆ మలుపులో ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, నీళ్ల తొట్టి దగ్గర రాతిపలక పని చూస్తున్న ఇంజనీరమ్మ ముందు నిలబడ్డాడు. ఆమెకు కూతురి వయసుంటుంది.

"తిరగేసి ఉన్న పువ్వును నేను నిలబెట్టేశానమ్మా. ఆ రాతిమీద నా పేరు ఉండకూడదు."

ఆమె వింతగా చూసి, ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లింది. గోడకు టార్చి కొట్టింది.

"తలకిందులుగానే ఉంది కదా పెద్దాయనా?"

ఉంది. మరమ్మతులకు ముందు తీసిన ఫొటో తెప్పించి పక్కన పెట్టింది. అచ్చం అలాగే ఉంది.

"చేయని తప్పుకు ముప్పై ఏళ్లు శిక్ష వేసుకున్నారా?" అని నవ్వింది.

మేస్త్రి కళ్లు నులుముకుని మళ్ళీ చూశాడు. భార్య గుమ్మటం లోపలి నగిషీని శ్రద్ధగా పరిశీలిస్తోంది. కలగని ఉంటారు, వయసు అలాంటిది అన్నారు చుట్టూ చేరిన పనివాళ్లు. ఆయనకూ అలాగే అనిపించింది. సంతకం పెట్టాడు.

బయటికొచ్చేసరికి పదేళ్లు తగ్గినట్టున్నాడు.

"ఆ రాతిపలకలో మూడో వరుస కిందికి జారింది, చూశావా? చెక్కేవాడికి చెయ్యి తిరగలేదు. నీ కొంగు చూడు, ఎలా వేళ్లాడుతోందో. అవునూ, పొద్దున టీలో అంత పంచదార ఎవరు పొయ్యమన్నారు?"

ముప్పై ఏళ్ల కిందట, ఆయన గొప్పలు విన్న మర్నాడే అందరికంటే ముందు పరంజా ఎక్కి, సున్నం ఆరకముందే ఆ పలకను పీకి మళ్ళీ తలకిందులుగా అతికించి వచ్చిన ఆవిడ, ఆ సంగతి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదో తలుచుకుంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.