గీతకు లోపల

“ఆ గీత కాస్త పైకి జరిపితే నీ సొమ్మేం పోయిందే?” అంది అక్క, కాఫీ కప్పు బల్ల మీద టక్కున పెట్టి.

చెల్లెలు కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. దేశంలోని ఫ్యాక్టరీలన్నీ కలిసి ఎంత కార్బన్ వదలొచ్చో ప్రభుత్వం ఒక హద్దు పెట్టి, ఎవరి వాటా వాళ్ళకు పంచబోతోంది. తక్కువ వదిలినవాళ్ళు మిగిలిన వాటాను ఎక్కువ వదిలినవాళ్ళకు అమ్ముకోవచ్చు. ఆ పథకాన్ని తయారుచేస్తున్న కన్సల్టెంటు చెల్లెలే. ఎంత పొగ దాటితే ఫ్యాక్టరీ ఇందులోకి రావాలో ఆ గీత గీసిందీ ఆమే. బావ నడిపే సున్నపు బట్టీ ఆ గీతకు కాస్త పైన, సరిగ్గా ఇరుక్కునే చోట ఉంది.

“నా వాళ్ళ కోసం గీత జరిపితే కంచే చేను మేసినట్టు కాదా అక్కా?”

“సామెతలు కడుపు నింపవు. బట్టీ మూతపడితే మేం గాలి తిని బతకాలా?”

“మూతపడదు. పొయ్యి మార్చుకుంటే సరిపోతుంది.”

“చెప్పడానికేం, వంటింట్లో స్టవ్వా మార్చేయడానికి!” అక్క చెప్పులేసుకుంది. “నువ్వు గీసిన గీత మనిద్దరి మధ్యే పడింది. గుర్తుపెట్టుకో.”

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అభిప్రాయాలు చెప్పమని ప్రభుత్వం పిలిచిన రోజు హాలు నిండిపోయింది. చిన్న ఫ్యాక్టరీల యజమానులు ఒకరి తర్వాత ఒకరు లేచి గీత పైకి జరపాల్సిందేనన్నారు. కన్సల్టెంటు ఓపిగ్గా జవాబిస్తూనే ఉంది. అధికారులు మాత్రం మెత్తబడుతున్నారు. అంతలో వెనక వరసలోంచి బావ లేచాడు.

“ఇన్నేళ్ళు సున్నపు బట్టీ నడిపినవాణ్ణి,” అన్నాడు బావ మైకు అందుకుని. “లాభం మనం తిని, దగ్గు ఊరికి పంచడం ఏం న్యాయం? పొయ్యి మార్చుకుంటే చచ్చిపోం. గీత ఉన్నచోటే ఉండాలి!”

బట్టీవాడే అలా అన్నాక లేచినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. గీత కదలదని పెద్ద అధికారి ప్రకటించాడు.

వరండాలో బావను పట్టుకుందామె. కళ్ళు చెమర్చాయి.

“అక్క మాట కూడా కాదని నా పరువు నిలబెట్టావు బావా! ఎంత నష్టం నీకు!”

బావ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“నష్టమా? బట్టీ పోయిన వారమే మా దాయాదికి అంటగట్టేశాను మరదలా... మీ అక్కకే ఇంకా చెప్పలేదు.”