సొంతింటి పొగగొట్టం

“ఇప్పటికి తీరికైందా మేస్త్రీగారికి?”

 మేస్త్రీ ఇటుక తీసి, అడుసు పూసి, వరసలో పెట్టాడు.

“ఊరందరి వంటిళ్లకీ పొగగొట్టాలు కడతావు. తడిగడ్డి కాల్చి, పొగ పైకి పోయిందని చూసుకునేదాకా వాళ్ల గడప దిగవు. సొంతింట్లో మాత్రం రేపు, మాపు! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత!”

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఇరవై రెండేళ్ల కాపురం. బొగ్గుల పొయ్యి. చలి కొడుతోందని వంటింట్లో ఉన్న ఒక్క కిటికీనీ ఇటుకలతో మూసేసిన ఘనుడు అతనే. తెల్లారకుండా పనికి పోయి, వేడివేడిగా తినడానికి వచ్చేవాడు. పొగ సంగతి అతనికేం తెలుసు? తెలియకేం, తెలుసు. ఏటా కప్పుకు పట్టిన మసి దులిపింది అతనే కదా.

భార్యకు ముందు దగ్గు పట్టుకుంది. తర్వాత గొంతు బొంగురుపోయింది. “చన్నీళ్లు తాగకు” అన్నాడు మేస్త్రీ. అంతే అతని వైద్యం. చివరికి ఆస్పత్రికి తీసుకెళితే, ఏళ్ల తరబడి పొగ తగిలి గొంతు లోపలి పొర దెబ్బతిందని, అక్కడ రాచపుండు పుట్టి బాగా ముదిరిందని డాక్టరు చెప్పాడు.

“రోజుకెన్ని బీడీలు కాలుస్తావమ్మా అని అడిగాడు నన్ను! మా ఆయన కట్టిన వంటింట్లో వండుతానండీ అని చెప్పాల్సింది.”

గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న ఆమె కళ్లు నిప్పులు కురిపిస్తున్నాయి.  మేస్త్రీ చేతిలో ఇటుక జారింది.

“పరాయివాళ్ల ఇంట్లో అయితే ఇలాగే జారవిడుస్తావా? వరస వంకర పోయింది. తీసి మళ్లీ పెట్టు.”

తీసి మళ్లీ పెట్టాడు.

సాయంత్రానికి గొట్టం కప్పు దాటింది. పొయ్యిలో తడిగడ్డి అంటించాడు. పొగ గదిలోకి ఒక్క పాయ కూడా రాకుండా నిటారుగా పైకి పోయింది. ఒక్క రోజు పని. దానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

పక్కింటి పిన్నిగారు వాకిట్లో నిలబడి చెవులు రిక్కించింది. మేస్త్రీ తల దించుకున్నాడు.

“పిన్నిగారినీ విననీ. ఇవాళ్టి నుంచి ఈ పొయ్యి దగ్గర వంట నీది.”

నెల కిందట డాక్టర్లు స్వరపేటిక తీసేసిన ఆమె, పొద్దుటి నుంచి గోడ మీద బొగ్గుముక్కతో రాస్తున్న తిట్లన్నిటినీ వీధికి వినపడేలా చదువుతున్నది మేస్త్రీయే.