చివర్లో ఇద్దరు

ఆమని షూ లేసు కట్టుకుని తలెత్తేసరికి స్నేహితురాళ్లు ముగ్గురూ మలుపు దాకా వెళ్లిపోయారు.

"అక్షయా, ఆగవే" అని కేకేసింది.

అక్షయ వెనక్కి చూసింది. చెయ్యూపింది. ముందుకే పోయింది.

నలుగురూ నందిగామలో ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్నవాళ్లు. పెళ్లిళ్లయ్యాక మిగతా ముగ్గురూ హైదరాబాదు చేరారు. ఆమని మాత్రం ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయింది. వేదాద్రి కొండల్లో హాఫ్ మారథాన్ అనగానే గ్రూపులో అందరికన్నా ముందు పేరిచ్చింది ఆమే. పరుగు మీద మోజుతో కాదు. ఒక్క పూటైనా నలుగురూ కలిసి ఉంటారని.

కలిసే పరిగెడదామని ఒట్లు కూడా వేసుకున్నారు.

కొండ చుట్టూ ఏడు కిలోమీటర్ల బాట. మూడుసార్లు చుడితే పరుగు పూర్తవుతుంది. మొదటి రౌండంతా ఆమనికి దూరంగా వాళ్ల వీపులు కనబడుతూనే ఉన్నాయి. రెండో రౌండు మొదలయ్యేసరికి అవీ కనబడకుండా పోయాయి.

కింద మంచులో కృష్ణ. అవతలి ఒడ్డున నీలంగా కొండలు. "అటు చూడవే" అందామంటే పక్కన మనిషి లేదు.

మంచినీళ్ల టేబులు దాటి మెరక ఎక్కుతుండగా పిక్క పట్టేసింది. కళ్లు తిరిగాయి. బాట పక్కన రాతి మీద కూలబడి ఫోను తీసింది. సిగ్నల్ లేదు.

ఒకరిద్దరు మగవాళ్లు "ఆల్ ద బెస్ట్ మేడమ్" అంటూ దాటిపోయారు.

వాళ్ల తర్వాత వచ్చిన అమ్మాయి కూడా దాటిపోయింది. కానీ నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చింది. బక్కపలచని పిల్ల. ఇరవై ఏళ్లుంటాయేమో.

"ఏమైందక్కా?"

"కాలు పట్టేసింది. లేవలేకపోతున్నా."

ఆ అమ్మాయి కింద కూచుని ఆమని పాదం ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు వెనక్కి వంచి అలాగే పట్టుకుంది. నొప్పి కాస్త తగ్గింది.

"మీరిక్కడే ఉండండక్కా. నేను ముందుకెళ్లి ఎవర్నైనా పంపిస్తా."

ఆమని ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"వద్దమ్మా. అందరూ అలాగే వెళ్లారు."

ఆ అమ్మాయి ముందున్న బాట వంక చూసింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత వంగి, ఆమని చేతిని తన భుజం మీద వేసుకుంది.

"పదండి. మెల్లగా నడుద్దాం."

వెనకొచ్చేవాళ్లతో "టెంటు దగ్గర చెప్పండన్నా, ఇక్కడ ఒక అక్క నడవలేకపోతోందని" అంది. వాళ్లు తలూపి వెళ్లారు. ఎవరూ రాలేదు.

కుంటుకుంటూ నడుస్తూనే ఆమని మాటల్లో పడింది.

"నీక్కూడా పరుగు కొత్తేనా?"

"నాలుగేళ్ల నుంచి పరిగెడుతున్నా అక్కా."

"నాలుగేళ్లా? అయినా మనిద్దరం చివర్లోనే ఉన్నాం చూడు."

ఆ అమ్మాయి నవ్వింది.

"పోన్లే. వెనకబడ్డవాళ్లకి వెనకబడ్డవాళ్లే తోడు" అంది ఆమని. పొద్దుటి నుంచీ బరువుగా ఉన్న మనసు తేలికపడింది అప్పుడే.

ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వాళ్లను దాటిపోతున్నారు. దాటినప్పుడల్లా ఆ అమ్మాయి మాట మధ్యలో ఆగిపోతోంది.

"ఏంటలా ఉన్నావు? నీకూ నీరసంగా ఉందా?"

"ఏం లేదక్కా. రాళ్లున్నాయి, కింద చూసుకుని నడవండి."

మెరక దిగి, రౌండు ముగిసే చోటున్న టెంటు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. వలంటీర్లు ఎదురొచ్చి ఆమనిని లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టారు.

"నువ్వూ ఆగిపోమ్మా. ఇంకో రౌండు నీవల్ల కాదు" అంది ఆమని.

ఆ అమ్మాయి ఆమె భుజం తట్టి బయటికి పరిగెత్తింది. అంతసేపూ తన పక్కన నడిచిన కాళ్లేనా ఇవి అనిపించింది ఆమనికి.

ఎంతోసేపటికి స్నేహితురాళ్లు మెడలో పతకాలతో వచ్చారు. "అయ్యో, నువ్వు వెనకే వస్తున్నావనుకున్నామే" అన్నారు. టెంటులోనే నలుగురూ ఫోటో దిగారు. చీకటి పడేలోగా హైదరాబాదు చేరాలంటూ ముగ్గురూ కారెక్కారు.

ఆమని జగ్గయ్యపేట ఆటో కోసం కూచుంది. కళ్లు బాట మీదే ఉన్నాయి. కుర్చీలు ఎత్తేస్తున్నారు. జెండాలు పీకేస్తున్నారు.

పొద్దున మంచినీళ్లు అందించిన బెన్ని అనే వలంటీరు అటుగా వచ్చాడు.

"ఏమండీ, నన్ను నడిపించుకొచ్చిన అమ్మాయి ఇంకా రాలేదు. మూడో రౌండు ఒక్కతే పోయింది పాపం. ఎవరినైనా బండి మీద పంపండి. ఎక్కడ పడిపోయిందో ఏంటో" అంది.

"అనీసానా అండి? పెనుగంచిప్రోలు పిల్ల. ఎప్పుడో ఇంటికెళ్లిపోయింది."

"అంటే, మధ్యలోనే మానేసిందా?"

బెన్ని చేతిలోని కుర్చీ కింద పెట్టాడు.

"అది మీకు రెండో రౌండండి, ఆ పిల్లకి మూడోది. ఆడవాళ్లలో ముందొచ్చినమ్మాయిని బెంగళూరు ట్రైనింగుకి తీసుకెళ్తామన్నారు, మీ దగ్గర ఆగేదాకా అందరికన్నా ముందున్నది ఆ పిల్లే."