గంట మోగే సాఫ్ట్‌వేర్

"ఇది గంటకొకసారి కొత్త వార్తలు తెస్తుంది నాన్నా. చాలదా?"

"చాలదు. ఇంకోటి చూపించు," అన్నాడు లజ్హర్.

యస్రా నిట్టూర్చింది. సెలవురోజని పుట్టింటికి వస్తే, వచ్చీరాగానే నాన్న ముందుగదిలోని కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టాడు. ఏ సైట్‌లో కొత్తది పడినా వెంటనే తెచ్చి చూపించే సాఫ్ట్‌వేర్ కావాలట. స్ఫాక్స్ నగరం తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ఏదీ ఓ పట్టాన నచ్చదు.

రెండోది తెరిచింది. దేశంలోని పత్రికలన్నీ ఒక్కసారిగా తెర మీద వాలాయి.

"సంతలా ఉంది. నాక్కావలసింది ఇందులో తప్పిపోతుంది."

"హాయిగా ఫోన్లో పెట్టుకోకూడదూ?"

"ఫోన్ అందరి చేతుల్లోనూ పడుతుంది. ఈ డబ్బానైతే మీ అమ్మ ముట్టుకోదు."

"ముట్టుకోవడానికి నాకేం పనిలేదా?" వంటింట్లోంచి దలెందా అందుకుంది. "పింఛను తీసుకుని ఇంట్లో కూర్చున్నవారికి అంత అర్జెంటు వార్తలేమిటో!"

"కుళాయి నీళ్ళు ఎప్పుడు ఆపేస్తారో తెలియొద్దూ? పోయిన వారం రెండు రోజులు ఆలస్యంగా చూశాను. కొంప మునిగింది."

"పోయిన వారం నీళ్ళేం ఆగలేదు. ఆగింది మీతో నా మాట."

యస్రా నవ్వాపుకుంది. "మళ్ళీ ఏమైందమ్మా?"

"పెళ్ళిరోజున మీ నాన్న వట్టి చేతులతో వచ్చారు. రెండు రోజులు పోయాక తెచ్చారు మల్లెచెండు, పెళ్ళికొడుకులా చెవి వెనక దోపుకుని మరీ!"

"మల్లెలు కావాలని ముందే చెప్పొచ్చుగా?" అంది యస్రా.

"అడిగి తెప్పించుకుంటే ఇంకేం ముచ్చటే? ఈ మధ్య నేను నోరు తెరవకుండానే అన్నీ తెచ్చేవారు. ఓసారి అంజీరపళ్ళు, ఓసారి నీలం రంగు గిన్నె. ఇన్నాళ్ళకి నా మనసు చదవడం వచ్చిందని మురిసిపోయాను."

లజ్హర్ తెరకేసి జరిగాడు. "మూడోది చూడు తల్లీ," అన్నాడు మెల్లగా.

మూడోదానికి హంగులేమీ లేవు.

"నిమిషానికోసారి వెతుకుతుంది నాన్నా. కొత్తది పడగానే గంట కొడుతుంది."

లజ్హర్ ముఖం విప్పారింది. "ఇదీ సాఫ్ట్‌వేరంటే!"

"సైట్ల పేర్లు చెప్పండి, కలిపేస్తాను."

"నేను కలుపుకుంటాలే. నువ్వెళ్ళి టీ తాగు."

తెరని గోడవైపు తిప్పుకుని, రెండు వేళ్ళతో ఒక్కో అక్షరమే కొట్టుకున్నాడు.

యస్రా టీ గ్లాసు పట్టుకుని డాబా మీదికి వెళ్ళిపోయింది. దలెందా పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, ఫోన్ తీసింది. రెండేళ్ళుగా మారుపేరుతో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో చదువుతారని రాసుకుంటున్న బ్లాగు తెరిచింది.

'ఈ సాయంత్రం చక్కెర అద్దిన వేడివేడి బంబలూని గారెలు ఎవరైనా తెచ్చి పెడితే, పోయిన వారం కోపం కూడా పోతుంది,' అని రాసి మీట నొక్కింది.

ముందుగదిలో గంట మోగింది.