చిక్కు లేని ఫండ్

రోమేన్ కీఫర్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. బల్ల వెనక కూర్చున్నది వివియాన్ అని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"రండి, కూర్చోండి," అంది ఆమె. లేచి చెయ్యి మాత్రం కలపలేదు.

లక్సెంబర్గ్‌లోని ఆ బ్యాంకు ఏ ఫండ్ అమ్మాలన్నా ముందు వివియాన్ ఒక మాట తేల్చాలి. అది చిక్కుదా, సులువైనదా? సులువైనదైతే అడిగినవాళ్ళకల్లా అమ్మేయొచ్చు. చిక్కుదైతే కొనేవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళకి అర్థమవుతుందో లేదో ప్రశ్నలు వేసి మరీ అమ్మాలి. రోమేన్ నడిపే ఫండ్‌ని ఈసారి అతని యజమానులు పంపారు. ప్రకృతికి హాని చెయ్యని యూరప్ కంపెనీల సూచీ ఒకటుంది. అందులో ఉన్న షేర్లే ఆ ఫండ్ కొంటుంది.

ఒకప్పుడు వివియాన్ అతని కిందే పనిచేసింది. ఓ సమావేశంలో ఏదో సందేహం అడిగితే, "నీ బుర్రకి ఎక్కదులే అమ్మాయ్, వెళ్ళి కాఫీలు పట్రా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కాఫీలు తెచ్చింది కూడా. ఆ నెలలోనే ఉద్యోగం పోయింది. ఆ నవ్వు మాత్రం చెవుల్లోంచి పోలేదు.

పక్క సీటు జోసియాన్ పొద్దున్నే నూరిపోసింది. "దొరక్క దొరక్క దొరికాడే! చిక్కుదని రాసి పారెయ్. ఏడ్చుకుంటూ పోతాడు."

"పాతవి మనసులో పెట్టుకోకండి మేడమ్," అన్నాడు రోమేన్. "నా బతుకు మీ చేతిలో ఉంది."

"అడిగినదానికి చెప్పండి చాలు. పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ పోయే ప్రమాదం ఉందా?"

"లేదు. కానీ..."

"కావాలన్న రోజు అమ్ముకోవచ్చా?"

"అమ్ముకోవచ్చు. కానీ అసలు సంగతేంటంటే..."

"అప్పు తెచ్చి పందేలు కాస్తుందా?"

"అబ్బే, లేదండీ. కానీ ఏ కంపెనీ ఎంత పొగ తగ్గించిందో చూసి వాటా మార్చాలి. ఆ లెక్కుంది చూశారూ..."

"ఆ లెక్క కొనేవాళ్ళు చెయ్యాలా?"

"అక్కర్లేదు."

"మీరు చెయ్యాలా? సూచీ తయారుచేసేవాళ్ళే చేసి ఇస్తారుగా?"

రోమేన్ తల దించుకున్నాడు.

వివియాన్ కలం తీసింది. వెంటనే రాయలేదు. అతని నుదుటి మీద చెమట కణతల దాకా జారేవరకూ తీరిగ్గా చూసింది. అప్పుడు రాసి, కాగితం అతని వైపు తిప్పింది.

"సులువైనది."

రోమేన్ లేచాడు. కోటు కుర్చీకే వదిలేసి వెళ్ళిపోయాడు.

జోసియాన్ విసురుగా వచ్చింది. "నీకేమైనా పిచ్చా? చేతికి చిక్కినవాణ్ణి వదిలేస్తావా?"

"ఉన్నదున్నట్టు రాశాను," అంది వివియాన్. ఇన్నేళ్ళకి ఆమెకి కడుపునిండా నవ్వొచ్చింది.

తనకి తప్ప ఇంకెవరికీ అర్థం కానంత చిక్కుదని యజమానుల్ని నమ్మించి ఉద్యోగం నిలబెట్టుకుంటూ వస్తున్న రోమేన్, అది చిక్కుదేనని రాసిమ్మని బతిమాలుకోవడానికే ఆ పూట వచ్చాడు.