మొదటి సూది

"నాకొద్దు సిస్టరమ్మా. ఆ సూది ఏసుకుంటే మగతనం పోతాదంట."

తిప్పేష్ కుర్చీలోంచి లేచిపోయాడు. వెనక నిలబడిన ఖైదీలు కూడా వరుస తప్పారు. ఆషాఢపు గాలికి జైలు ఆవరణలో వేసిన టెంటు కొట్టుకుంటోంది.

నర్సు కృపాకుమారి సిరంజి పక్కన పెట్టింది.

"హెపటైటిస్ బి రాకుండా వేసే టీకా అప్పా ఇది. మీరంతా ఒకే బ్లేడుతో గడ్డాలు గీసుకుంటారు. ఆ జబ్బు తగిలించుకొని ఇంటికి పోతే నీ పెండ్లానికి అంటుతాది. ఆమె నుంచి బిడ్డకూ వస్తాది."

తిప్పేష్ తల వంచుకున్నాడు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే అతని భార్య మౌనికకు మూడో నెల.

"జరుగప్పా."

లింగప్ప వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వేరే జైలు నుంచి కొత్తగా వచ్చిన ముసలాయన.

"కొడవళ్ళు పట్టినోళ్ళు సూదికి జడుస్తాండారు. ముందు నాకెయ్యమ్మా."

సూది దిగినా ఆయన రెప్ప వేయలేదు.

"ఏమన్నా తగ్గిందా తాతా?" ఎవరో అడిగారు.

"మీసం ఇంకా పైకి లేసింది సూడు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే తిప్పేష్ మళ్ళీ కుర్చీ ఎక్కాడు.

తర్వాతి డోసులకూ లింగప్పే ముందు.

"నాకు పట్టినట్టు మీకు మందు పట్టదులేప్పా" అని మీసం దువ్వేవాడు.

"ఏం పొగరప్పా ఈ ముసలాయనకు" అని మిగతావాళ్ళు విసుక్కునేవారు.

బీడీలు తాగితే మందు సరిగా పట్టదని నర్సు చెప్పడంతో, తిప్పేష్ పంతానికి బీడీలు మానేశాడు.

శివరాత్రి దాటాక లింగప్పను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆయన అక్కడే చనిపోయాడు.

"తాగి తాగి కడుపు చెడగొట్టుకోనుంటాడు" అన్నారు జైల్లో.

ఉగాదికి, టీకా ఒంట్లో పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష ఫలితాలు వచ్చాయి.

"నీకు మందు బాగా పట్టింది తిప్పేష్. ఇంక నీకు ఆ భయం లేదు."

తిప్పేష్ ఛాతీ విరుచుకున్నాడు. వచ్చే వారమే అతని విడుదల. ఇంట్లో మూడు నెలల కూతురు ఎదురుచూస్తోంది.

"తాత ఉండింటే ఈ పొద్దు ఆయన మీసం దించుతాంటి. ఆయనకెంత పట్టినాదమ్మా?"

కృపాకుమారి ఫలితాల కాగితాలు మడిచి పక్కన పెట్టింది.

"ఆయనకు ఆ జబ్బు ముందునుంచే ఉండిందప్పా. టీకాతో పని లేదని ఆయనకూ తెలుసు. మొదటి రోజు పొద్దున్నే నా దగ్గరికొచ్చి, 'మందు పిల్లోళ్ళకుంచమ్మా, నన్ను సూసి వాళ్ళు ఏసుకుంటారు' అన్నాడు. ప్రతిసారీ ఆయనకు నేనేసింది ఉత్త నీళ్ళే."